ఎర్రగడ్డం దొర ఇచ్చిన పటం

తూర్పు సముద్రం ఒడ్డున, మొగిలేరు కడలిలో కలిసే చోట, వెనకటికి ఒక చిన్న రాజ్యం ఉండేది. గుర్రం మీద పొద్దున బయలుదేరితే మర్నాటి సాయంత్రానికి దాని పొలిమేర దాటిపోవచ్చు. దాన్నేలే ఉద్దండ భూపతికి మాత్రం తనంతటి చక్రవర్తి లోకంలో లేడని గట్టి నమ్మకం. ఆయన దర్బారుకు వస్తుంటే ముందు నలుగురు బిరుదులు చదవాలి. ఒక్క బిరుదు తప్పినా ఆ పూట ఎవరికో కొరడా దెబ్బలు తప్పేవి కావు.

ఆ కొలువులో కామన్న అనే దుబాసీ ఉండేవాడు. రేవుకొచ్చే పరదేశీ ఓడలవాళ్ల మాట రాజుగారికీ, రాజుగారి మాట వాళ్లకూ చెప్పడం అతని పని. మాటకారి, కాని మహా పిరికివాడు. రాజుగారు దగ్గితే చాలు, తనేదో తప్పు చేశానేమోనని హడలిపోయేవాడు.

ఒకనాడు ఎర్రగడ్డం దొర దర్బారుకు వచ్చాడు. అతను ఒక పరదేశీ ఓడకు కప్తాను. ఆరేళ్లుగా రేవులో గిడ్డంగి పెట్టుకుని మిరియాలు, బట్టలు కొంటున్నాడు. వస్తూ రెండు కానుకలు తెచ్చాడు. ఒకటి వాళ్ల రాజు బొమ్మ. బొమ్మ కింద ఆ రాజు పేరు వాళ్ల అక్షరాల్లో ఉంది. రెండోది, నలుగురు పట్టుకుంటే కాని విప్పలేనంత పెద్ద పటం.

"ఇది మీ భూమి పటం. మా దేశపు గొప్ప చిత్రకారులు గీశారు" అని దొర తన భాషలో అంటే కామన్న తెలుగులో చెప్పాడు.

పటం నిండా రాజుగారి రాజ్యమే! చుట్టుపక్కల రాజ్యాలన్నీ చీమల్లా ఉంటే, మొగిలేటి సీమ మాత్రం బంగారు రంగులో ఏనుగంత ఉంది. మధ్యలో నిజంగానే ఒక ఏనుగు, రెండు సింహాలు.

ఉద్దండ భూపతి పొంగిపోయాడు. "చూశారా! ఏడు సముద్రాల అవతలివాడికి తెలిసిన నా ఘనత మీకు తెలియలేదు!"

వృద్ధ మంత్రి తిప్పరసు ఉండబట్టలేక, "ప్రభూ, మన రాజ్యం ఇంత పెద్దది కాదు. ఊళ్లేవీ ఇందులో కనబడటం లేదు. మన అడవిలో సింహాలూ లేవు" అన్నాడు.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. తిప్పరసును అప్పటికప్పుడు బురుజు చెరలో వేయించాడు. "ఇక ఈ పటాన్ని తప్పుపట్టిన నాలుకను కోయిస్తాను!" అని సభలో చాటించాడు.

పటాన్ని గోడకు తగిలించే పని కామన్న మీద పడింది. నిచ్చెన ఎక్కి, అంచులు సరిచేస్తూ, అలవాటుగా పటం మీది పరదేశీ అక్షరాలు చదివాడు. చదువుతూనే నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. బంగారు రంగు మీద అడ్డంగా రాసి ఉన్నది ఉద్దండ భూపతి పేరు కాదు. వాళ్ల రాజు పేరు. మొగిలేటి రేవుకు వాళ్ల రాణి పేరు పెట్టేశారు. ఊళ్లూ గుళ్లూ చెరువులూ ఉండాల్సిన చోట సింహాలున్నాయి కాని, ఏటి ముఖద్వారంలో ఎక్కడ ఎన్ని బారల లోతుందో అంకెలు వేశారు. కోట బావులకు చుక్కలు పెట్టారు. తూర్పు గోడ కుంగిన చోట ఎర్రగీత ఉంది.

కామన్న నిచ్చెన దిగేసరికి దొర పక్కనే నిలబడి ఉన్నాడు.

"నువ్వు చదవగలవని నాకు తెలుసు" అన్నాడు మెల్లగా. "నీ భార్య రోజూ మా గిడ్డంగి పక్క బావికే నీళ్లకొస్తుంది కదూ?"

దొర నవ్వుతూ రాజుగారి వైపు తిరిగి, "ఏలినవారు ఈ పటం కింద తమ రాజముద్ర వేయిస్తే లోకమంతా చూపిస్తాం" అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పాల్సింది కామన్నే. చెప్పాడు. తన రాజ్యాన్ని తన నోటితోనే అప్పగిస్తున్నట్టనిపించింది.

"ముద్ర తెండి!" అన్నాడు రాజు.

"ప్రభూ!" ఆ కేక తనదేనని కామన్నకు ఒక క్షణం తెలియలేదు. సభంతా అతని వైపు చూసింది. "ప్రభూ... బుధవారం దాకా మంచి ఘడియ లేదు. పైగా, తమంతటివారు కానుక పుచ్చుకుని ఊరుకుంటారా? దొరగారి దేశానికి కూడా ఇలాంటి పటమొకటి గీయించి, అదే రోజున తిరుగు కానుకగా ఇస్తే తమ ఘనతకు తగినట్టుంటుంది."

"భేష్! ఇంతకు రెట్టింపు గీయించు!" అన్నాడు రాజు. దొరకు వద్దనడానికి కారణం దొరకలేదు.

ఆ మూడు రోజులూ కామన్నకు ముద్ద దిగలేదు. భార్యను బయటికి పోవద్దన్నాడు. గుమ్మం ముందు ఎవరి అడుగులు వినిపించినా గోడకు కరుచుకుపోయేవాడు. అద్దకపు పనిలో చెయ్యి తిరిగిన గవరమ్మ ఇంట్లో కూర్చుని, దొర పటం అంచున బొటనవేలంత ఉన్న దొర దేశాన్ని పందిరంత బట్ట మీద గీయించాడు.

"దీని మీద ఏం రాయాలి బాబూ?" అంది గవరమ్మ.

కామన్న రాసిచ్చాడు. ఆమె ఆ చీటీని ముందు పెట్టుకుని కుంచె అందుకుంది.

బుధవారం సభ తీరింది. రాజముద్ర పళ్లెంలో సిద్ధంగా ఉంది. కామన్న అద్దకపు బట్టను విప్పించాడు. దొర దేశం పసుపు రంగులో మెరిసిపోతోంది. మధ్యలో రెండు పులులు. వాటి మీదుగా ఈ కొస నుంచి ఆ కొస దాకా, తెలుగులోనూ వాళ్ల లిపిలోనూ: ఉద్దండ భూపతి.

"మన పేరే!" అని రాజు మురిసిపోయాడు.

"చిత్తం. దొరగారు దీని కింద తమ ముద్ర వేస్తే, ఏలినవారు దాని కింద వేస్తారు" అన్నాడు కామన్న.

దొర ముఖం గడ్డం రంగుకు తిరిగింది. దుబాసీ సంగతే మరిచి, రేవులో నేర్చిన తెలుగులో అరిచాడు. "ఇది మా రాజు దేశం! మీ పేరు ఎందుకు? నేను ముద్ర వేస్తే మావాళ్లు నన్ను ఉరి తీస్తారు!"

రాజు ఆశ్చర్యపోయాడు. "పేరే కదయ్యా! పేరు రాసినంత మాత్రాన దేశం పోతుందా?"

"పోతుంది! పటం మీద ఎవరి పేరు ఉంటే దేశం వాళ్లది!"

అన్నాక గాని తనేమన్నాడో దొరకు తెలియలేదు.

కామన్న సింహాసనం ముందు సాగిలపడ్డాడు. "ప్రభూ, నా తప్పేమీ లేదు. దొరగారి పటాన్నే నమూనాగా పెట్టుకున్నాను. వారు ఏలిక పేరు ఎక్కడ రాశారో నేనూ అక్కడే తమ పేరు రాశాను."

"అంటే... దాని మీద ఉన్నది ఎవరి పేరు?"

"ఆ పటాన్ని తప్పుపడితే నాలుక కోయిస్తామన్నారు ప్రభూ. నాకున్నది ఒక్కటే. తమరు చదవనక్కర్లేదు. ఆ రాజుగారి బొమ్మ కింది అక్షరాలనూ ఈ అక్షరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి."

ఉద్దండ భూపతి సింహాసనం దిగాడు. ఈసారి ఎవరూ బిరుదులు చదవలేదు. బొమ్మను పటం దగ్గర పెట్టి, ఒక్కో అక్షరం మీదా వేలు జరుపుతూ పోల్చాడు. పాములా వంకర తిరిగిన మొదటి అక్షరం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. కొడవలి లాంటి రెండోదీ అంతే. చివరి అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏటి నోట్లో ఈ రాతలేమిటి?" గొంతు తగ్గింది. "భయం లేదు, చెప్పు."

"లోతులు ప్రభూ."

"ఈ చుక్కలు?"

"మన బావులు."

"ఈ ఎర్రగీత?"

"కుంగిన గోడ."

దొర తల మీద టోపీ సర్దుకున్నాడు. "ముద్ర లేకున్నా ఫరవాలేదు. ఈ పటాన్ని అచ్చువేసే పలక మా దేశంలో తయారై ఏడాదైంది" అని, వంగి దండం పెట్టకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే గిడ్డంగి ఖాళీ చేసి లంగరెత్తాడు.

రాజు తిప్పరసును చెర విడిపించి, స్వయంగా చెయ్యి పట్టుకుని తెచ్చాడు. పటాన్ని చించబోతే కామన్న అడ్డుపడ్డాడు. "చించి లాభం లేదు ప్రభూ. ఇలాంటివి వాళ్ల దగ్గర ఎన్నున్నాయో! పటాన్ని మనం మార్చలేం. రేవును మార్చగలం."

ఆ నెలంతా పల్లెకారులు పాత పడవల్లో బండరాళ్లు నింపి ఏటి ముఖద్వారంలో ముంచారు. పటంలో ఎక్కడ లోతెక్కువని అంకె ఉందో సరిగ్గా అక్కడే. కుంగిన గోడ లేచింది. చుక్కలున్న బావులు పూడ్చి, వేరేచోట తవ్వారు. పని జరుగుతున్నన్నాళ్లూ అందరి కళ్లూ సముద్రం మీదే. తెల్లకొంగ ఎగిరినా తెరచాపేమోనని పిల్లలను ఇళ్లలోకి లాక్కునేవారు.

ఓడలను ఇటు తెచ్చే గాలి తిరిగిన తొమ్మిదో నాడు నిజంగానే తెరచాపలు కనిపించాయి. మూడు ఓడలు, ఫిరంగులతో. ముందున్నదాని పైన ఎర్రగడ్డం దొర, చేతిలో విప్పిన కాగితంతో దారి చూపిస్తున్నాడు. ఓడ నిస్సంకోచంగా ఏటి నోట్లోకి దూసుకొచ్చింది. మరుక్షణం పెళపెళమని చప్పుడు. ఓడ పక్కకు ఒరిగి, తెరచాపలు నీళ్లలో పడ్డాయి. దొర చేతిలోని కాగితం గాలికెగిరిపోయింది.

బురుజు మీదున్న ఉద్దండ భూపతి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. ఇన్నాళ్ల భయమంతా ఆ నవ్వులో వదిలింది. "కామన్నా! వాడి పటమే వాడి ఓడను ముంచిందిరా!" అంటూ తన బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు. ఏటి ఒడ్డున రెండు ఊళ్లు ఈనాం ఇస్తున్నానని అక్కడికక్కడే ప్రకటించాడు.

కామన్న కడియం వైపు చూడనేలేదు.

"గెలిచాం కదా, ఇంకా భయమెందుకు?"

కామన్న సముద్రం వైపు చూపించాడు. "ఒక్క ఓడే ఇరుక్కుంది ప్రభూ. మిగతా రెండూ దూరంగా ఆగిపోయాయి. ఎక్కడ ఇరుక్కుందో చూసి, వాళ్లు తమ పటంలో కొత్తగా గుర్తు పెట్టుకుంటారు."

రాజు నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ ఆ ఓడలనే చూస్తూ నిలబడ్డారు.