వాకచెట్టుకి ఉగాది క్షవరం

అనగనగా ఒక ఊళ్ళో, నడివీధిలోనే, నాంచారమ్మ అనే ఇల్లాలు ఉండేది. దుప్పటి లాక్కో మరి, కథ మొదలైపోయింది.

ఆవిడ పెరట్లో దడి పక్కన ఒక వాకచెట్టు ఉండేది. అదేరా, ఒళ్ళంతా ముళ్ళతో, ఎర్రటి పుల్లటి వాక్కాయలు కాస్తుందే, అది. ఊళ్ళో అందరి చెట్లూ కాసేవి. నాంచారమ్మ చెట్టు మాత్రం ఒక్క కాయా కాసేది కాదు. ప్రేమ తక్కువై కాదు నాన్నా, ఎక్కువై!

ఉగాది వస్తోందంటే చాలు, ఇంటికి సున్నం వేయించేది. ఆ తర్వాత కొడవలి పట్టుకుని చెట్టుకి కూడా క్షవరం చేసేది. పండక్కి ఇల్లంతా ముస్తాబైతే చెట్టొక్కటీ మాసిన తలతో ఉండాలా అని ఆవిడ బాధ. కొమ్మల చివర్లతో పాటు రాబోయే పూత కూడా చెత్తకుప్పలోకి పోయేది. ఆ సంగతి పిచ్చితల్లికి తెలియదు.

ఒక ఏడు కాయలేదు. అప్పుడు పశువుల ఎరువు వేసింది. రెండో ఏడూ కాయలేదు. అప్పుడు బిందెలకొద్దీ నీళ్ళు పోసింది. ఆకులు పండి రాలాయి గానీ కాయ రాలేదు.

ఆవిడ మొగుడు కోటయ్యకి ఒళ్ళు మండింది. "ఒసే, వచ్చే ఏడు కూడా కాయలేదంటే వేళ్ళతో సహా పీకేసి అరటిపిలక పెడతా" అన్నాడు. "అమ్మో, వద్దు!" అని నాంచారమ్మ అడ్డుపడింది. కూతురు ముత్యాలు పెళ్ళికి ముందు తన చేత్తో నాటిన మొక్క మరి అది.

మూడో ఉగాది వచ్చింది. కొడవలి ఎత్తేసరికి, కొమ్మల మధ్య గూట్లో ఒక పికిలిపిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. ఎగరలేదు. ఆవిడకేసి చూస్తూ ఉండిపోయింది.

"సరేలేవే తల్లీ, పండగ నీక్కూడానుగా" అని నాంచారమ్మ కొడవలి చూరులో పెట్టేసింది. గూడు తడుస్తుందని బిందె కూడా మానేసింది.

"నీ చెట్టు జుట్టు విరబోసుకుంది చూడు, దయ్యంలా" అన్నాడు కోటయ్య. అననీ. మగాళ్ళు అంటూనే ఉంటారు.

అప్పుడేమైందో తెలుసా? కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు! "అయ్యో, ఇన్నాళ్ళూ పూత నేనే కోసి పారేశానా!" అని నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత పిందెలు, ఆ తర్వాత కాయలు.

ఆషాఢంలో ముత్యాలు పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉంది, వేవిళ్ళు. అన్నం పెడితే కక్కేది, పాలిస్తే కక్కేది, మంచినీళ్ళు కూడా ఇమిడేవి కావు. పిల్ల చిక్కి పుల్లయిపోయింది. అమ్మా నాన్నా బెంగతో తిండి మానేశారు.

ఒకరోజు ముత్యాలు నీరసంగా, "అమ్మా, వాక్కాయ పప్పు తినాలనుందే" అంది.

నాంచారమ్మ పెరట్లోకి పరిగెత్తింది. చేతులు గీరుకుపోతున్నా ఒడినిండా కోసింది. గింజలు తీసి, కందిపప్పులో ఉడికించి, ఇంగువ పోపు పెట్టింది. ముత్యాలు ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. మూడో ముద్ద కూడా లోపలే ఉంది!

"ఇంకొంచెం పెట్టవే" అంది పిల్ల.

కోటయ్య గబుక్కున లేచి వెళ్ళి చెట్టు ముందు చేతులు జోడించాడు. "నా తల్లే, నా బిడ్డకి అన్నం పెట్టావు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ పిట్టక్కూడా ఒక దండం పెట్టవయ్యా" అంది నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "అది అడ్డం కూర్చోకపోతే మన పిల్లకి ఈ ముద్ద దక్కేది కాదు."

అప్పట్నుంచీ కాపు అయిపోయాకే ఆవిడ కొమ్మలు కత్తిరించేది. పైకొమ్మల కాయలు మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అవి పిట్టవి.

కథేమో కంచికి,
పిట్టేమో గూటికి,
వాక్కాయేమో వంటింటికి,
నువ్వూ నేనూ నిద్దరింటికి!