వీపమ్మ బండ

పూర్వం మా ఊరు ఊరే కాదంట, ఎర్రకొండ కింద గొర్రెలోళ్లు వేసుకున్న నాలుగు గుడిసెలంట. అక్కడ ఓబులమ్మ అనే ఆమెకు తొలికాన్పు నొప్పులొచ్చినాయి. పొద్దున మొదలైతే మధ్యాన్నమైనా బిడ్డ కదల్లేదు.

ఇంట్లో ఎక్కడ ముడి ఉన్నా కాన్పు ఆగిపోతుందని అప్పట్లో అందరికీ భయం. "విప్పండే, అన్నీ విప్పండి!" అని ఓబులమ్మ అత్త సుబ్బక్క గుడిసె గుడిసెకూ ఉరికింది. జడలు విప్పినారు, మూటలు విప్పినారు, ఆ ఆత్రంలో గొర్రెల దొడ్డి తడిక కట్టు కూడా విప్పేసినారు. ఇంకేముంది, మందంతా కొండెక్కింది. అందరూ దానెనకాల పడినారు. "దొడ్డి కూడా విప్పమన్నానా, మొద్దూ!" అని మొగుణ్ని తిట్టుకుంటానే సుబ్బక్కా పోయింది. ఓబులమ్మ ఒక్కతే మిగిలింది.

పక్క గుడిసెలో తిమ్మక్క ఉండేది. పిల్లల్లేని మనిషని ఆమెను కాన్పింటి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. కేక వినపడితే గడప దాకా వస్తుంది, మళ్లీ ఎనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది.

"ఎవరన్నా ఉండారా? భయమైతాంది!"

"నేనుండా పాపా. నేను రాకూడదు గదా."

"నువ్వన్నా రా అక్కా, సచ్చిపోతా!"

తిమ్మక్క లోపలికొచ్చింది. ఏం చేయాలో ఆమెకు తెలీదు. వీపుకు వీపు ఆనించి కూర్చుని, "నా మీదికి తొయ్యి" అనింది. ఎక్కడ లేచిపోతుందో అని ఓబులమ్మ మాటిమాటికీ తడుముతావుంటే, ఇద్దరి కొంగులూ కలిపి ముడేసింది. "ఇంక యాడికి పోతా?"

నొప్పి వచ్చినప్పుడల్లా సగం ఆ వీపులో నుంచి ఈ వీపులోకి పోయేదంట. ఇద్దరూ ఒకేసారి మూలిగేవాళ్లంట.

సుబ్బక్క తిరిగొచ్చి, ముడి చూసి గుండె బాదుకుంది. "ముడేసినావే పాపిష్టిదానా!" అని విప్పబోతే ఓబులమ్మ చెయ్యి పట్టుకుంది. "విప్పొద్దత్తా. ఈమె లేస్తే నేను బతకను." ఆ మాట మీదే ఇంకో నొప్పి వచ్చి, బిడ్డ బయటపడి కేరుమనింది.

అప్పుడు సుబ్బక్క మెత్తబడి, "ఇంక లేయమ్మా తిమ్మక్కా, నీళ్లు తాగుదువు" అంటా ముడి విప్పింది. తిమ్మక్క లేవలేదు. ముట్టుకుంటే రాయి. ఆ రాయి ఎచ్చగా ఉందంట.

ఆమే మా వీపమ్మ. గుడి లేదు, బండే. మనిషి ఆనుకున్నంత మేర బండలో గుంట పడి ఉంది, ఇప్పటికీ పోయి చూడొచ్చు. మా ఊర్లో నొప్పులొస్తే ఆస్పత్రికి పోయే ఆటో అయినా ముందు ఆ బండ కాడ ఆగాల్సిందే. ఇంట్లో ముడులన్నీ విప్పి వస్తారు, అక్కడ ఒక్క కొంగుముడి వేస్తారు. తన కొంగుకు ఎవరి కొంగు కలిపి ముడేయాలో నొప్పులు పడే ఆమే చెప్తుంది. ఆమె ఎవరి పేరు చెప్పినా, పిల్లల్లేని ఆమె పేరు చెప్పినా, ఎవరూ అడ్డం చెప్పరు.