ఖాళీగా ఉండలేక

ఉద్యోగాలిస్తామని కాలేజీకి వచ్చిన రెండు కంపెనీల్లోనూ తిరుపతమ్మకి చుక్కెదురైంది. మూడోది ఆసుపత్రులు నడిపే సంస్థ. నెట్‌వర్క్ చూసుకునే మనుషులు కావాలట. ఈ ఏడాదికి ఇదే ఆఖరు. వాళ్ళు రేపొస్తారనగా, ఆమె ల్యాబ్‌లో ఒక్కరే ఉన్న జాన్‌సుందరం మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

“రేపటి ఇంటర్వ్యూ లిస్టులో నా పేరు కొట్టేయండి సార్.”

తిరుపతమ్మ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ డిప్లొమా ఆఖరి ఏడాది చివర్లో ఉంది. వయసు నలభై మూడు. చేరిన రోజున గేటు దగ్గర వాచ్‌మన్, “పేరెంట్స్ మీటింగ్ శనివారమమ్మా” అని వెనక్కి పంపబోయాడు. క్లాసులో అందరికీ ఆంటీయే. మార్కుల్లో మాత్రం ఆ ఆంటీని దాటినవాళ్ళు లేరు.

“ఎందుకు కొట్టేయాలి?” అన్నారు మాస్టారు.

“డిగ్రీలున్న కుర్రాళ్ళకే దిక్కులేదు. ఈ వయసులో, ఈ డిప్లొమాకి నాకెవరిస్తారు సార్? మా అబ్బాయి కూడా అన్నాడు, ఇంక చాల్లే అమ్మా అని.”

“ఆ రెండు కంపెనీలవాళ్ళూ నిన్నేం అడిగారు?”

“‘మీ గురించి చెప్పండి’ అన్నారు.”

“నువ్వేం చెప్పావు?”

“ఏముంది సార్ చెప్పడానికి. ఇంట్లో ఖాళీగా ఉండలేక, ఏదో డిప్లొమా చేస్తున్నానండీ అన్నాను.”

“రెండుచోట్లా?”

“రెండుచోట్లా.”

మాస్టారు నిన్న ఆమె పూర్తిచేసిన ప్రోగ్రాం తెరవమన్నారు. నాలుగింటికే లేచి వంట ముగించి, రెండు బస్సులు మారి వచ్చే మనిషి వారం రోజులు కూర్చుని రాసిన రెండొందల వరసలు. ఆయన ముందుకి వంగి, ఒక వరసలో అంకె చెరిపేసి, ఆ చోట ‘ఏదో’ అని టైప్ చేశారు.

“ఇప్పుడు నడిపించు.”

నడవలేదు. తెర మీద ఎర్రగా ఒక వరస వచ్చింది.

“ఏమంటోంది?”

“అదేంటో తనకి తెలీదంటోంది సార్.”

తిరుపతమ్మకి నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

మాస్టారు కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. పేరు కొట్టేయలేదు.

మర్నాడు బల్లకి అవతల కూర్చున్నావిడ, “మీ గురించి చెప్పండి” అంది.

తిరుపతమ్మకి పాత మాటే నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివానండి. మూడేళ్ళూ క్లాసులో మొదటిదాన్ని. మీ నెట్‌వర్క్ ఎక్కడ తెగినా వెతికి పట్టుకోగలను.”

“చూపిస్తారా?”

“కేబుల్ ఇవ్వండి.”

పది నిమిషాలన్న ఇంటర్వ్యూ ముప్పావుగంట అయింది. బయటికి రాగానే క్లాసు పిల్లలు చుట్టుముట్టారు.

“ఏమన్నారాంటీ?”

“ఒకటో తారీకున చేరమన్నార్రా.”

“అయితే మాకు జ్వరమొస్తే డిస్కౌంటేగా!”

వాళ్ళని నవ్వుతూ తప్పించుకుని ల్యాబ్ వైపు పరుగులాంటి నడక నడిచింది. మాస్టారు గుమ్మంలోనే ఉన్నారు. లోపల మొదటేడు పిల్లలు ఒకటే గోల. ఆమె చెప్పింది విని ఆయన తలూపారు.

“ఈ చదువు చదివితే ఏమొస్తుందని పొద్దుటినుంచీ వీళ్ళు నా ప్రాణం తింటున్నారు. నువ్వెళ్ళి వాళ్ళ ముందు నిలబడు.”

“ఏం చెప్పను సార్?”

“ఏం చెప్పక్కర్లేదు. నిలబడు.”

తిరుపతమ్మ చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది.