లంకలో కాసేదంతా

గోదావరి గట్టు మీది అడవికి పెద్ద పుల్లన్న అనే ఎద్దు. కుర్రతనంలో గంగిరెద్దు లెండి. సన్నాయి వినపడకపోయినా, ఎవరేం అడిగినా తలూపేయడం అలవాటైపోయింది. ఆ అడవిలో పెద్ద తలూపితే అదే చట్టం. ఇంక చూసుకోండి ఎలా ఉంటుందో!

ఓ ఉదయం ఏటి మధ్య లంక నుంచి పాపాయి అనే మేక మోకాటిలోతు పాయ దాటుకుని వచ్చింది.

"అన్నయ్యా, అవతలి గట్టు పందులు ఈదుకొచ్చి మా పిల్లల్ని తొక్కేస్తున్నాయి. మీరు కాస్త కాపలా కాస్తే బతికిపోతాం."

పుల్లన్న గుండె ఉప్పొంగింది. అడిగింది ఆడకూతురు, అదీ పొరుగు లంక నుంచి వచ్చి! వెంటనే అందరినీ రేవులో పోగేశాడు. "లంకను ఆదుకోడానికి చట్టం చేస్తున్నాం. లంకలో కాసే పనంతా గట్టువాళ్ళదే!" అన్నాడు.

నక్క జంబులు గొంతు సవరించుకున్నాడు. "భేషుగ్గా ఉంది మామయ్యా. ఆ 'పని' ఒక్కటీ తీసేద్దాం. పని అనే మాట వింటే మన గాడిదలు రేపట్నుంచి కనపడవు. 'లంకలో కాసేదంతా గట్టువాళ్ళదే.' చెవికి ఎంత ఇంపుగా ఉందో!"

గాడిదలు ఘొల్లున నవ్వాయి. పుల్లన్న తల ఊగింది. చట్టం అయిపోయింది.

పాపాయి మాత్రం కదల్లేదు. "అన్నయ్యా, ఆ మాట తీసేస్తే తేడా ఏమీ రాదు కదా?"

"నేనున్నాను కదమ్మా! వెళ్ళి పిల్లల్ని చూసుకో."

కాపలాకి జంబులే తన బలగాన్ని వెంటేసుకుని బయల్దేరాడు. అప్పట్నుంచి రోజూ పుల్లన్న ముందు మేడిపళ్ళూ రేగుపళ్ళూ జామకాయలూ కుప్పలు. "లంకవాళ్ళ కానుక మామయ్యా" అనేవాడు జంబులు. "అయ్యో, నాకెందుకురా ఇవన్నీ" అంటూనే పుల్లన్న లొట్టలేసుకుంటూ మెక్కేవాడు.

కొన్నాళ్ళకి, లంకవాళ్ళ సంతోషమేదో కళ్ళారా చూసొద్దామని బయల్దేరి వెళ్ళాడు. మెళ్ళో దండ వేస్తారనుకున్నాడు, పిచ్చి మారాజు.

చెట్లన్నీ బోడిగా ఉన్నాయి. పాపాయి పిల్లలు డొక్కలెండిపోయి బెరడు గీక్కుంటున్నాయి. నక్కలేమో నీడన పొట్టలు నిమురుకుంటున్నాయి. ఇసక నిండా పందుల అడుగులు, ఇంకా తడి ఆరలేదు.

"ఏమిట్రా ఇది?" అని రంకె వేశాడు పుల్లన్న.

"చట్టం మామయ్యా," అన్నాడు జంబులు. "లంకలో కాసేదంతా మనదే అంటే తలూపావుగా. మేడి కాసింది, జామ కాసింది, కోసుకున్నాం."

"నేనన్నది కాపలా కాసే పనిరా!"

"ఆ పని తీసేశాం కదా, నీ ఎదురుగానే!"

పాపాయికి ఒళ్ళు మండిపోయింది. "ఎండా మా లంకలోనే కాస్తోంది, వెన్నెలా కాస్తోంది. అవీ మూటగట్టుకుపొండి! పందులొస్తే మాత్రం మాకంటే ముందు మీరే పొదల్లో దూరతారు."

పుల్లన్న కొమ్ములు దించి ఉరికాడు. నక్కలన్నీ పాయలో పడి పరుగో పరుగు. అడవి వైపు ఒడ్డెక్కాక జంబులు వెనక్కి తిరిగాడు. "మమ్మల్నంటావేం మామయ్యా? రోజూ కూర్చుని మెక్కిందెవరు?" అని అరిచి అడవిలో పడ్డాడు.

పుల్లన్న కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ తను నమిలింది ఈ పసివాళ్ళ నోటి దగ్గర కూడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. ఈ పూటే చట్టం మారుస్తాను. ఇక్కడే ఉండి నేనే కాపలా కాస్తాను," అన్నాడు.

పాపాయి తిట్టలేదు. పొదలోకి వెళ్ళి, ఆకుల కింద దాచిన జామకాయ ఒక్కటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చిన్నదాని కోసం దాచాను అన్నయ్యా. చట్టం మారేదాకా ఇదీ నీదే. కాసిందే కదా, తీసుకో."

వెనక మేకపిల్ల ఆ కాయ వంకే చూస్తోంది. ఎవరేమడిగినా ఊగే తల ఈసారి ఊగలేదు. సిగ్గుతో ఇసక మీదికి వాలిపోయి, ఆ కాయ వంక చూడ్డానికైనా లేవలేదు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒక్కటే: సాయం చేస్తానని ఇచ్చిన మాటలో ఒక్క ముక్క తగ్గినా, అది ఎవరి కంచంలో తగ్గుతుందో చూసుకున్నాకే తలూపాలి.