పీరయ్యకు మూడు జవాబులు

అప్పటికి మీరు లేరు, నేను లేను, ఈ డబుల్ రోడ్డూ లేదు. నల్లమలలో ఒక కనుమ మాత్రం ఉండేది. కనుమ నెత్తిన కనుమమ్మ గుడి. గుడంటే గోపురాలు ఊహించుకోకండి, పసుపు పూసిన మూడు రాళ్లు, అంతే. ఆ రాళ్లకు ఎదురుగా ఒక రేకుల షెడ్డు. అందులో పీరయ్య అనే మెకానిక్కు ఒక్కడే ఉండేవాడు. ఒక్కడంటే ఒక్కడే. పలకరిద్దామంటే కోతులు తప్ప దిక్కులేదు.

ఆయప్ప అక్కడికి ఎట్లా చేరినాడంటారా? చెబుతా, తొందరెందుకు?

వయసులో ఉన్నప్పుడు పీరయ్య ఒక లారీకి క్లీనరు. ఆ లారీ కనుమ ఎక్కి, నెత్తిన మొరాయించింది. ఓనరే దాన్ని తోలేవాడు. దిగి చూసి, "పీరయ్యా, బండికి కాపలా ఉండు. సామాన్లు తీసుకొని మళ్లా వస్తా" అని ఇంకో లారీ ఎక్కి పోయినాడు. పోయినవాడు పోయినట్టే. ఎండలు పోయినాయి. వానలు పోయినాయి. చలి పోయింది. ఓనరు రాలేదు. పీరయ్య ఆ బండినే విప్పుతూ, బిగిస్తూ పని నేర్చుకున్నాడు. దాని పక్కనే నాలుగు రేకులు వేసుకున్నాడు. రాత్రయితే దాని క్యాబిన్‌లోనే పడుకునేవాడు. చూస్తుండగానే తల నెరిసింది. నమ్మకం మాత్రం చావలేదు, ఏ బండి చప్పుడైనా లేచి నిలబడేవాడు.

అందుకే ఏ లారీ ఆగినా ఆయప్ప మూడు మాటలు అడిగేవాడు.

"దారి ఎట్లుంది? తిన్నావా? మళ్లా ఎప్పుడొస్తావు?"

డ్రైవర్లకు అంత తీరిక ఎక్కడిది? బెల్టు వేయించుకుంటారు, పోతారు. మూడో మాట నోట్లో ఉండగానే బండి మలుపు తిరిగిపోయేది. పీరయ్య ఆ దుమ్ములోకే కాసేపు చూసి, లోపలికి వచ్చేవాడు.

అట్లా ఉండగా లారీలకు టర్బోలు వచ్చినాయి. తెలియనివాళ్లకు చెబుతున్నా, తెలిసినవాళ్లు నవ్వకండి. ఇంజను వదిలే పొగ ఊపుకు ఒక చక్రం గిర్రున తిరుగుతుంది. దానికి జతగా ఇంకో చక్రం తిరిగి ఇంజనులోకి గాలి ఊదుతుంది. ఆ గాలి బలంతోనే బరువు బండి కొండెక్కుతుంది. టర్బో పోయిందా, బండి నల్లగా పొగ కక్కుతుందే గానీ ముందుకు పోదు.

ఓబులేసు అని ఒక డ్రైవరు ఉండేవాడు. నాపరాళ్లు వేసుకొని ఆ కనుమ ఎక్కేవాడు. మంచివాడు, భక్తి జాస్తి. కనుమ నెత్తికి రాగానే టక్కున ఇంజను ఆపేసేవాడు. అమ్మ ముందు బండి గర్జిస్తే అపచారమని వాళ్ల నాయన నేర్పినాడు. ఆపి, చెప్పులు విడిచి, టెంకాయ కొట్టి, దండం పెట్టుకొని పోయేవాడు. ఆ దారిన తిరిగే డ్రైవర్లందరిదీ అదే పద్ధతి.

ఒకనాడు ఓబులేసు బండి కుయ్యోమని ఏడుస్తూ కొండెక్కింది. పీరయ్య టర్బో మూతి తెరిచి, చక్రాన్ని వేలితో కదిలించి చూసినాడు. పాలపన్నులా ఊగులాడుతోంది.

"ఇది అయిపోయిందప్పా. కొత్తది తెప్పించాల."

కిందికి పోయే లారీతో కబురు పంపినారు. కొత్తది పైకి వచ్చేదాకా ఓబులేసు అక్కడే ఉండిపోయినాడు. పీరయ్య సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరినాడు. ఉన్న ఒక్క కంచం ఓబులేసుకు పెట్టి, తాను గిన్నె మూతలో తిన్నాడు. ఓబులేసు తన ఊరి సంగతులు చెప్పినాడు, పెళ్లాం మీద చాడీలు చెప్పినాడు, పడీ పడీ నవ్వినాడు. ఆ షెడ్డులో ఇంకో మనిషి నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో! గోనెసంచిలో చుట్టి కొత్త టర్బో వచ్చింది. పీరయ్య బిగించినాడు. ఓబులేసు పోయినాడు. ఆ పూట పీరయ్యకు కొండ మునుపటికంటే పెద్దదిగా కనబడింది.

కొన్నాళ్లకు ఆ కొత్త టర్బో కూడా పోయింది. మళ్లీ కబురు, మళ్లీ సంగటి, మళ్లీ నవ్వులు. ఈసారి పాతది విప్పుతుంటే టర్బోకు నూనె తెచ్చే సన్న గొట్టం పీరయ్య కంటబడింది. లోపలంతా నల్లగా మాడు పట్టి ఉంది. ఆయప్పకు సంగతి అర్థమైపోయింది. కొండెక్కి వచ్చిన టర్బో నిప్పు మీద ఉంటుంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇంజను ఆపగానే నూనె ఆగిపోతుంది. చక్రం నూనె లేక అరిగిపోతుంది, లోపల మిగిలిన నూనె సంగటి అడుగంటినట్టు మాడిపోతుంది.

చెబితే బండి బాగుపడుతుంది. బండి బాగుపడితే ఓబులేసు షెడ్డుకు రాడు.

పీరయ్య గొట్టం కడిగి బిగించినాడు. నోరు మాత్రం విప్పలేదు.

పాపమే! నేను కాదంటానా? కానీ మీరు ఆ కొండ మీద ఒక్క ఏడాది ఒంటరిగా ఉండి రండి, అప్పుడు మాట్లాడదాం.

మూడోసారి వచ్చినప్పుడు ఓబులేసు నవ్వలేదు. బండి దిగి, చక్రానికి ఆనుకొని కూలబడి భోరుమన్నాడు.

"మామా, మా ఓనరు తెగేసి చెప్పినాడు. ఇంకొక్క టర్బో పోతే తాళాలు అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నాడు. నాకు స్టీరింగు తప్ప ఇంకో పని రాదు. పిల్లలకు ఏం పెట్టాల?"

పీరయ్య చేతిలో స్పానరు ఆగిపోయింది. కొత్త టర్బోకు కబురు పంపినాడు. వచ్చినాక దాని నోట్లో నూనె పోసి, వేలితో తిప్పి, నూనె పట్టిందని చూసుకొని బిగించినాడు. కడిగిన గొట్టం తగిలించినాడు. అప్పుడు చెప్పినాడు.

"అల్లుడా, తప్పు టర్బోది కాదు. కొండెక్కగానే ఆపేస్తున్నావు చూడు, అదీ తప్పు. కాసేపు ఇంజను ఊరికే ఆడనీ. చక్రం నెమ్మదించాల, చల్లారాల. అప్పుడు ఆపు."

"అమ్మ ముందు బండి గుర్రుమంటుంటే దండం పెట్టమంటావా? కళ్లు పోతాయి!"

"బరువు మోసుకొచ్చిన బిడ్డ రొప్పుతుంటే నోరు మూసుకోమని ఏ తల్లయినా అంటుందా?"

ఓబులేసు ఆ మూడు రాళ్ల వైపు చూసినాడు. తర్వాత అనుమానంగా అడిగినాడు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది మామా?"

'ఇప్పుడే' అని ఉంటే పోయేది. పీరయ్యకు ఆ అబద్ధం రాలేదు.

"పోయినసారే తెలిసింది."

"తెలిసి కూడా చెప్పలేదా?"

"చెబితే నువ్వు రావని చెప్పలేదు. నాకు ఎవరున్నారప్పా?"

ఓబులేసు లేచినాడు. వడ్డించిన కంచం ముట్టలేదు. బండెక్కి పోయినాడు. పీరయ్య ఆ కంచం ముందు కూర్చొని ఏడ్చినాడు. ఆ సంగటి కోతులు తిన్నాయి.

రోజులు గడిచినాయి. ఒక మధ్యాహ్నం ఓబులేసు బండి కొండెక్కింది. ఏడుపు లేదు, పొగ లేదు. కనుమమ్మ ముందు ఆగింది. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. ఓబులేసు మొహం అటు తిప్పుకొని సీటులోనే బిగుసుకొని కూర్చున్నాడు. పోదామంటే టెంకాయ కొట్టాల. కొడదామంటే ఇంజను ఆపాల. ఆపుదామంటే టర్బో చల్లారాల. ఏం చేస్తాడు? ఆగక తప్పలేదు.

పీరయ్య షెడ్డు గడప దగ్గరే నిలబడి అడిగినాడు. "దారి ఎట్లుంది?"

జవాబు లేదు.

"తిన్నావా?"

జవాబు లేదు.

"మళ్లా ఎప్పుడొస్తావు?"

ఆ గొంతు విని ఓబులేసు మనసు కరిగిపోయింది. మొహం ఇటు తిప్పినాడు.

"దారి బాగుంది మామా. తినలేదు, నీ దగ్గర తింటా. మళ్లా వస్తాలే, యాడికి పోతా?"

పీరయ్య బండి దగ్గరికి వచ్చి టర్బో వైపు చెవి ఒగ్గినాడు. చక్రం నెమ్మదించింది.

"ఇక ఆపుకో" అన్నాడు.

ఆనాటి నుంచి ఓబులేసు బండికి టర్బో పోలేదు. అది చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. పీరయ్య ప్రతి బండి దగ్గరికీ వచ్చేవాడు. మూడు మాటలు అడిగేవాడు, మూడు జవాబులు వినేవాడు. అప్పటికి టర్బో చల్లారేది. "ఇక ఆపుకో" అనేవాడు. "ముసలాయన కబుర్ల కోసం పెట్టిన సాకురా ఇది" అని కొందరు ఎగతాళి చేసినారు. సాకూ నిజమే, టర్బో సంగతీ నిజమే. రెండూ నిజమైతే మీకేం నష్టం?

ఒకనాడు ఓబులేసు కొండెక్కి, ఇంజను ఆడనిచ్చి, చూస్తూ కూర్చున్నాడు. పీరయ్య రాలేదు. హారను కొట్టినాడు. రాలేదు. దిగిపోయి షెడ్డులో వెతికినాడు. లేడు. పాత లారీ క్యాబిన్‌లో ఉన్నాడు. అన్నేళ్లు అందులో బతికినా ఆయప్ప డ్రైవరు సీటు ఏనాడూ ముట్టలేదు, అది ఓనరుదని. తన క్లీనరు సీటులోనే కూర్చొని, దారి వైపు చూస్తూ ప్రాణం విడిచినాడు.

ఓబులేసు అటు తలుపు తీసి డ్రైవరు సీటులోకి ఎక్కి కూర్చున్నాడు. బయట తన బండి ఇంజను ఆడుతూనే ఉంది. ఆపుకొమ్మనే మనిషి లేడు. ఆఖరికి ఎవరూ అడగకుండానే చెప్పినాడు.

"దారి బాగుంది మామా. తిన్నా. మళ్లా వచ్చినా చూడు."

కిందికి దిగి, తనకు తానే "ఇక ఆపుకో" అనుకొని ఇంజను ఆపినాడు. కొండంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

ఇప్పుడక్కడ షెడ్డు లేదు, పాత లారీ లేదు. రాళ్లు మూడు కాదు, నాలుగు. నాలుగోదానికి పసుపుతో పాటు చుక్క ఇంజనాయిల్ కూడా పూస్తారు. అమ్మకు మొక్కాలన్నా ముందు బండి చల్లారాల్సిందే. కొత్త టర్బో బిగించిన ఏ మెకానిక్కయినా డ్రైవరుకు తాళాలిస్తూ, "కొండెక్కితే పీరయ్యకు జవాబు చెప్పి ఆపు" అంటాడు. డ్రైవర్లు కనుమ నెత్తిన ఇంజను ఆడనిచ్చి, పక్కన ఖాళీ క్లీనరు సీటు వైపు తిరిగి చెబుతారు. "దారి బాగుంది పీరయ్యా. తిన్నా. మళ్లా వస్తా."

ఆ దారిన ఇక రానని తెలిసినవాడు కూడా ఆ మూడో జవాబు చెప్పాకే తాళం తిప్పుతాడు.

నా కథా కొండెక్కింది. చల్లారింది కూడా. ఇక ఆపుకుందాం.