వాగు దాటని కస్తూరి

ఆ గుర్రంతో వేగలేక ఇమాంసా ప్రాణం విసిగిపోయింది.

పేరుకు కస్తూరి, తీరు చూస్తే జగమొండి. పెట్టిన మేతంతా తింటుంది. వాగు ఒడ్డుకు రాగానే నాలుగు కాళ్లూ ఇసుకలో పాతుకుని నిలబడిపోతుంది. లాగితే ముందుకాళ్లు పైకి లేపుతుంది. ఒళ్లంతా వణుకుతుంటుంది గానీ అంగుళం కదలదు. ఇంత పిరికిదానికి అంత పంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి అంతుబట్టలేదు.

దర్గా వాగుకు అవతలి గుట్ట మీద ఉంది. ఏటా ఉరుసుకు గంధం కలశం గుర్రం మీదే వాగు దాటాలి. అది తాతల నాటి ఆనవాయితీ. పాత గుర్రం చచ్చిపోతే, సంతలో ఎవరూ కొనక బక్కచిక్కి నిలబడ్డ కస్తూరిని జాలిపడి తోలుకొచ్చింది ఇమాంసానే. దాన్ని దారికి తెస్తానని పదిమందిలో మాటిచ్చిందీ అతనే. ఇంకో వారంలో ఉరుసు. దాటకపోతే మళ్లీ సంతకే తోలెయ్యమని పెద్దలు తెగేసి చెప్పారు. ఈసారి అక్కడ దాన్ని కొనేవాళ్లు బండికి కట్టి చావబాదుతారని అతనికి తెలుసు. 

అతను చెయ్యని ప్రయత్నమంటూ లేదు. ఫాతిహా చదివి చెవిలో ఊదాడు. మెడలో తాయెత్తు కట్టాడు. బెల్లం చూపించాడు, బెత్తం చూపించాడు. చివరికి దర్గాలో వలీ సమాధి మీద కప్పే పచ్చ చాదరు తెచ్చి, వలీ మహిమ ఊరికే పోతుందా అనుకుని, దాంతో గుర్రం కళ్లకు గంతలు కట్టి నీళ్లలోకి లాగాడు. ఇమాంసా వాగులో పడ్డాడు. చాదరు కొట్టుకుపోయింది. కస్తూరి చేలకు అడ్డంపడి పరిగెత్తింది. ఆ రోజు నుంచి అతన్ని చూస్తేనే చెవులు వెనక్కి వాలుస్తోంది.

ఒకరోజు పొద్దున్నే గురువు జమాల్ షా దగ్గరికి పోయి కూలబడ్డాడు. ఆయన అరుగు మీద శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"నావల్ల గాదు సామీ. దానికేదో గాలి సోకినాది. వద్దంటే వద్దే. ఎన్ని రకాలుగా చెప్పినా ఇనదు."

"అది చెప్పింది నువ్వెన్నిసార్లు ఇన్నావు?"

"గుర్రం చెప్పేదేముంది సామీ?" అన్నాడు ఇమాంసా చిరాగ్గా.

జమాల్ షా ఒళ్లో పొట్టు దులుపుకుని లేచాడు. "తోలుకురా పో."

వాగు ఒడ్డున కస్తూరి ఎప్పటిలాగే ఆగింది. ఇమాంసా అలవాటుగా తాడు చేతికి చుట్టుకున్నాడు.

"ఎనక్కి తిప్పు," అన్నాడు గురువు.

"ఇప్పుడేగదా వచ్చినాం."

"వద్దనింది గదా. తిప్పు."

తిప్పాడు. చింతచెట్టు దాకా పోయాక మళ్లీ తోలుకురమ్మన్నాడు గురువు. మళ్లీ ఆగింది. మళ్లీ తిప్పమన్నాడు. పొద్దెక్కేదాకా ఇదే వరస. బట్టలుతికే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంధం ఈ ఏడు చింతచెట్టు కిందే దించుతారేమో అని ఒకామె అననే అంది. ఇమాంసాకు తల కొట్టేసినట్టయింది.

"ఇట్లయితే అది మనల్నే ఆడిస్తాది సామీ. అంతా దాని మాటే నెగ్గుతాంది."

"నెగ్గనీ. ఇన్నేండ్లలో యాడన్నా నెగ్గిందా పాపం."

ఇమాంసా మళ్లీ గుర్రాన్ని తిప్పాడు. తాడు పట్టుకుని నడిచాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కస్తూరి ఒడ్డున ఆగింది. ఇక గురువు చెప్పేదాకా ఉండే ఓపిక కూడా లేదతనికి. తాడు వదులు చేసి తనే వెనక్కి తిరిగాడు. వెనకాల డెక్కల చప్పుడు వినిపించలేదు.

తిరిగి చూశాడు. కస్తూరి మెడ కిందికి వంచి నీళ్ల వాసన చూస్తోంది. ఒక కాలు నీళ్లలో పెట్టింది, తీసేసింది. అతని వైపు చూసింది. చెవులు వెనక్కి వాల్చలేదు.

 ఇమాంసా చెయ్యి దానంతటదే తాడు బిగించబోయింది.

"లాగాల్నా సామీ, తిప్పాల్నా?" అన్నాడు గుసగుసగా.

"నన్నెందుకడుగుతావు?" అన్నాడు జమాల్ షా. "దాన్నడుగు."

ఇమాంసా పిడికిలి విప్పాడు. తాడు ఇసుకలో పడింది.

కస్తూరి చాలాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత మోకాలిలోతు దాకా నీళ్లలోకి దిగి, అతను వస్తాడో రాడో అన్నట్టు ఆగి చూసింది.

ఇమాంసా లుంగీ ఎగ్గట్టి, మారుమాట లేకుండా దాని వెనకే దిగాడు.