అట్టపెట్టెలో ఉండిపోయిన చిమ్నీ

తణుకులో కోదండపాణి అనే కాలేజీ లైబ్రేరియన్ ఉండేవాడు. న్యాయంగా తనకు రావలసినదైనా సరే, నోరు తెరిచి అడగాలంటే అతనికి ప్రాణం మీదికి వచ్చేది. బస్సులో కండక్టర్ చిల్లర ఇవ్వడం మరిచిపోతే గుర్తు చెయ్యకుండానే దిగిపోయేవాడు. హోటల్లో చల్లారిపోయిన ఇడ్లీ పెడితే తినేసి, బాగుందని చెప్పి మరీ వచ్చేవాడు. "కోదండపాణిగారంత మంచివాడు ఈ వీధిలో లేడు" అని అందరూ అనేవారు. ఆ మాట అతని చెవులకు ఎంతో ఇంపుగా ఉండేది.

అతని భార్య వకుళకు ఉబ్బసం. వాళ్ళ వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడే. పొగ బయటికి పోయే దారి లేదు. మిరపకాయలు వేగిన రోజు ఆమె చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని హాల్లోకి పరుగెత్తుకొచ్చేది. పొగకు దూరంగా ఉండమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని జీతం ఏరియర్స్ డబ్బు రాగానే పొయ్యి మీదికి చిమ్నీ కొన్నారు. షాపువాళ్ళే మనిషిని పంపి, గోడకు కన్నం చేసి, గొట్టం పెట్టి బిగించి వెళ్ళారు. ఆ రోజు వకుళ పనిగట్టుకుని కాకరకాయలు వేయించింది.

"ఏమండీ, ఒక్క దగ్గు కూడా రాలేదు!" అని వంటింట్లోంచే కేకేసింది.

ఆ సంబరం మూడు నెలలే. చిమ్నీ ముందు గరగరలాడింది, తర్వాత పొగను పీల్చడం మానేసి ఇంట్లోకే తోసింది. వకుళ పోరగా పోరగా కోదండపాణి షాపుకు వెళ్ళి చెప్పాడు. మెకానిక్కు వచ్చి చూసి, మోటారు తయారీలోనే లోపం ఉందని, కొత్తది ఇస్తారని చెప్పాడు. వారం తిరక్కుండానే షాపు వ్యాను వచ్చింది. ఒకతను పెద్ద అట్టపెట్టె తెచ్చి వంటింటి మూల దించి, సంతకం కోసం పుస్తకం చాపాడు.

"మరి బిగించరా?" అని అడిగింది వకుళ.

"అది మా లెక్కలోకి రాదమ్మా. ఇది వేరే మోడలు. పాతది విప్పాలి, గోడకు కన్నం పెద్దది చెయ్యాలి. మనిషిని పంపమంటే పంపుతాం. నాలుగున్నర వేలవుతుంది."

"పాడైన సరుకు ఇచ్చింది మీరు. మా గోడ మళ్ళీ పగలగొట్టడానికి డబ్బులు మేమెందుకివ్వాలి బాబూ?"

అతను కోదండపాణి వైపు చూశాడు.

"ఊరుకో వకుళా! కొత్తది ఇచ్చారు, అదే పదివేలు" అని గబగబా సంతకం పెట్టేశాడు.

"మీలాంటి పెద్దమనుషులు అరుదుగా ఉంటారు సార్" అని అతను నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ పూటంతా కోదండపాణి ముఖం వెలిగిపోయింది.

నాలుగున్నర వేలు ఇవ్వడానికి అతనికి మనసు రాలేదు. ఊరికే బిగించమని అడగడానికి నోరు రాలేదు. వచ్చే నెల చూద్దామన్నాడు. ఆ నెల వచ్చింది, పోయింది. అట్టపెట్టె మీద పాత పేపర్లు పేరుకున్నాయి.

"పోనీ నేను ఫోన్ చేసి అడగనా?" అంది వకుళ ఒకరోజు.

"వద్దొద్దు. తగువు పెట్టుకున్నామని షాపులో నలుగురూ అనుకుంటారు."

"అనుకోనివ్వండి. దగ్గేది నేను కదా!"

అతను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. కొన్నాళ్ళకు పప్పులో పోపు మానేసింది. వేపుళ్ళు మానేసింది. కూర చప్పగా ఉందని కోదండపాణికి తెలుస్తూనే ఉండేది. ఎందుకని మాత్రం అడగలేదు.

ముసురు పట్టిన ఒక ఆదివారం వకుళ తమ్ముడు భోజనానికి వచ్చాడు. అతనికి పులిహోర ఇష్టమని ఆమె ఉదయాన్నే నూనె కాచి, ఎండుమిరపకాయలు వేసింది. వంటిల్లంతా పొగ కమ్ముకుపోయింది. దగ్గు మొదలైంది, ఆగలేదు. గోడ పట్టుకుని కూలబడిపోయింది. మందు పీల్చినా ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో మూడు రోజులుంది. మూడో రోజు భర్త చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. ఆ సాయంత్రమే కన్నుమూసింది.

"పొగ ఒక్కటే కారణమని నేననను. కానీ ఆవిడ పొగలో ఉండకూడదని మీకు రెండేళ్ళుగా చెబుతున్నాను" అన్నాడు డాక్టరు.

పెద్దకర్మ అయ్యాక కింది వాటాలో జాకెట్లు కుట్టే ఫాతిమాబీ అతనికి టీ తెచ్చి ఇచ్చింది. వంటింటి మూల పెట్టె ఆమె కంట పడింది.

"ఇదేంటి అన్నయ్యగారూ?"

అతను జరిగినదంతా చెప్పాడు.

"మా గ్రైండరుకూ ఇలాగే అన్నారు అన్నయ్యగారూ. లోపం మీది, తిప్పలు మాకా అని ఒక ఉత్తరం రాశాను. వినకపోతే వినియోగదారుల కోర్టుకు పోతానన్నాను. వాళ్ళే వచ్చి అమర్చిపోయారు" అంది.

ఆమె వెళ్ళాక కోదండపాణి కాగితం తీసుకున్నాడు. ఇప్పుడెందుకు రాస్తున్నాడో అతనికే తెలియదు. వకుళ అడుగుతానంటే తను వద్దన్నాడు, అందుకని రాశాడు. పది వాక్యాల ఉత్తరం షాపుకు పంపాడు. నాలుగో రోజు షాపు మేనేజరు ఫోన్ చేశాడు.

"క్షమించండి సార్. బిగించే ఖర్చు మాదే. ఈ మాట మీరు అప్పుడే అడిగి ఉంటే అప్పుడే చేసేవాళ్ళం."

కోదండపాణి ఫోను పెట్టేసి, అట్టపెట్టె మీది పాత పేపర్లు తీశాడు.

మర్నాడు ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. పాతది విప్పి, కన్నం పెద్దది చేసి, కొత్తది బిగించారు. అంతా కలిపి ముప్పావు గంట పట్టింది. ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి దగ్గర పట్టుకుంటే, పొగ చారలా నిటారుగా పైకి వెళ్ళిపోయింది.

"బ్రహ్మాండంగా లాగుతోంది సార్" అన్నాడు ఒకతను చేతులు తుడుచుకుంటూ. "అమ్మగారిని ఒకసారి పిలవండి. మీటలు ఎలా వాడాలో చెప్పి వెళ్తాను."

కోదండపాణి వంటింటి గుమ్మంలోనే కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

న్యాయంగా రావలసినది అడగడానికి మనం మొహమాటపడితే, ఆ మొహమాటానికి మూల్యం మనల్ని నమ్ముకున్నవాళ్ళు చెల్లించవలసి వస్తుంది.